అద్దం మీది బొట్టు

మొన్న రెండో షిఫ్టుకు బయలుదేరి, తిరుత్తణి బస్టాండులో ఎండకు తాళలేక ఒక చిన్న కొట్టు ముందు ఆగాను. కొట్టాయన ఐసుపెట్టెలో మోచేతిదాకా చేయి పెట్టి వెతికి, ఒక గాజుసీసా తీసి ఇచ్చాడు. ఈ రోజుల్లో అన్నీ ప్లాస్టిక్ సీసాలే కదా, గాజుది చేతికి తగిలి చాలా ఏళ్ళయింది. ఆ చల్లదనం, ఆ బరువు, సీసా మెడ మీది నీటిచుక్కలు నా మణికట్టు మీదికి జారడం. తాగే సంగతి మరిచిపోయి, సీసాను పైకెత్తి, కొట్టులో వెలుగుతున్న ట్యూబులైటుకు అడ్డంగా పెట్టి చూడటం మొదలుపెట్టాను. ముందు అడుగు, తర్వాత ఒళ్ళు, చివరికి మెడ. "ఏమక్కా, పూచి ఏమన్నా ఉండాదా లోపల?" అని కొట్టాయన కంగారుపడ్డాడు. పురుగూ లేదు, ఏమీ లేదు, పాత అలవాటని చెప్పి గటగటా తాగేసి సీసా తిరిగిచ్చాను. బస్సెక్కి కూర్చున్నాక కూడా చేతికి ఆ చల్లదనం పోలేదు. సుశీలక్క గుర్తొచ్చింది. తిరువళ్ళూరు వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరనుకోండి, అది వేరే సంగతి.

సుశీలక్క మీకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. తిరువళ్ళూరు దాటాక రోడ్డు పక్కన ఉన్న పెద్ద కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో, గాజుసీసాల లైనులో, సీసాలు పరీక్షించే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్ద. కంపెనీ పేరు చెప్పను. చుట్టాలొచ్చినప్పుడు మీరు హడావుడిగా కొట్టుకు పరిగెత్తి తెచ్చింది మా సరుకే అయ్యుంటుంది, అంతవరకు తెలిస్తే చాలు. నేను అక్కడ చేరేనాటికి నాకు లోకం తెలియదు. మాది పొదటూరుపేట, నేతపని ఇల్లు. గిట్టుబాటు కాక నాన్న మగ్గం గుంట పూడ్చేసి, దాని మీద బియ్యం బస్తాలు పెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరో ఒకరు బయటికి వెళ్ళి సంపాదించాలి. పెద్దదాన్ని కాబట్టి నేను వెళ్ళాను.

మొదటిరోజు కదా అని అమ్మ నా తలనిండా మల్లెపూలు పెట్టి పంపింది. గేటు పక్కన ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో అడుగుపెట్టగానే ఆ ముచ్చట తీరిపోయింది. గోడకు వరసగా మేకులు, ప్రతి మేకుకూ ఒక పూలదండ వేలాడుతోంది. పూలు, గాజులు, పిన్నులు, బొట్టుబిళ్ళలు ఏవీ లోపలికి తీసుకుపోకూడదు, ఊడి సీసాలో పడతాయని. తాళి ఉన్నవాళ్ళు కోటు లోపల దాచుకోవచ్చు, అంతే. నేను బిత్తరపోయి నిలబడి ఉంటే ఒక పొడుగాటి మనిషి దగ్గరికి వచ్చింది, ఆమే సుశీలక్క. నేను ఆమె భుజందాకా కూడా రాను. ముందు అరవంలో ఏ ఊరని అడిగింది. పొదటూరుపేట అనగానే తెలుగులోకి దిగింది.

"మనోళ్ళేనా! సరి సరి. ఆ పూలు తీసి గోడ ఆణికి తగిలించు పాపా. సాయంత్రం మళ్ళా పెట్టుకుందువు గాని."

"బొట్టు కూడానా అక్కా?"

"బొట్టు కూడానే. అది బాటిల్లో పడిందనుకో, తాగినోడు నీకోసరం వెతుక్కుంటా వస్తాడు. కావాల్నా?"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే. గోడకు నిలువెత్తు అద్దం ఒకటి ఉండేది. బొట్లు తీసి అందరూ దాని మీదే అంటించేవాళ్ళు. ఎర్రవి, నల్లవి, పాములాగా మెలికలు తిరిగినవి, రాళ్ళు పొదిగినవి. ఎవరి చోటు వాళ్ళది, ఒకరి బొట్టు ఒకరు ముట్టుకునేవాళ్ళు కాదు. అన్నిటికంటే పైన ఒక పెద్ద మెరూన్ రంగు బిళ్ళ ఉండేది. అది సుశీలక్కది. ఆమె ఎత్తుకు తగ్గట్టు అక్కడ పెట్టుకునేది. నా చిన్న ఎర్రబొట్టుకు ఒక మూల చోటు చూపించింది ఆమే.

టోపీ, మాస్కు, తెల్లకోటు వేసుకుని లోపలికి వెళ్ళాక ఇంక ఎవరు ఎవరో తెలియదు. పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు, మొగుడితో రాత్రి తన్నులు తిన్నవాళ్ళు, అందరిదీ ఒకటే వాలకం. బోసి నుదురుతో, బోసి చేతులతో నాకైతే ఒళ్ళంతా ఏదోగా ఉండేది. సుశీలక్క మాత్రం ఆ తలుపు దాటగానే నెత్తిమీది బరువు దించినట్టు ఊపిరి వదిలేది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

మా పని చెబితే మీకు నవ్వొస్తుంది. కొట్ల నుంచి తిరిగొచ్చిన సీసాలను కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళతో పెద్ద మిషను కడుగుతుంది. కడిగిన సీసాలు ఒకదాని వెనక ఒకటి కదులుతూ, వెనక నుంచి తెల్లటి లైటు పడే ఒక తెర ముందు నుంచి పోతుంటాయి. మేము కుర్చీలో కూర్చుని వాటిని చూస్తూ ఉండాలి. జనం సీసాల్లో ఏమేమి దూరుస్తారో ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. స్ట్రా ముక్కలు, బీడీ పీకలు, బబుల్‌గమ్. మిషనుకు లొంగనివి, అంచు విరిగినవి చటుక్కున తీసి పక్కన పెట్టాలి. కళ్ళు అలిసిపోతాయని కొద్దిసేపటికోసారి మనిషిని మార్చేవారు. మొదటిరోజు నేను ప్రతి సీసా వెంటా తల తిప్పుతూ, అది వెళ్ళిపోయేదాకా సాగనంపి, కాసేపట్లోనే కళ్ళు తిరిగి వాంతి చేసుకున్నాను. సుశీలక్క నీళ్ళిచ్చి, వెనక నిలబడి, రెండు చేతులతో నా తల పట్టుకుంది.

"తల తిప్పబాకు. కదిపినావంటే కండ్లు తిరగతాయి. తల నిలబెట్టు. బాటిలే నీ ముందరికి వస్తాది, అదే పోతాది. నువ్వు యాడికీ పోబాకు."

ఆ చేతులు చాలాసేపు తీయలేదు. సీసాలు వచ్చాయి, పోయాయి. నా తల నిలబడింది.

ఆ షిఫ్టులో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. క్యాంటీనులో ఎదురెదురుగా కూర్చుని, సాంబారన్నం తింటూ, మెల్లమెల్లగా ఆమె తన సంగతి చెప్పింది. తిరువళ్ళూరులో అత్తగారిల్లు, చిన్న కిరాణా కొట్టున్న కోమట్లు. మొగుడికి కొట్లో కూర్చోవడం గిట్టక లారీ తోలేవాడు. ఒకసారి లోడు ఎత్తుకుని ఉత్తరాదికి పోయాడు. లారీ ఎక్కడో ధాబా పక్కన నిలబెట్టి ఉంది, దొరికింది. మనిషి దొరకలేదు. పోలీసులు, పేపర్లో ఫోటో, సోదెమ్మలు, అన్నీ అయ్యాయి. అప్పటికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు, పిల్లల్లేరు. ఆమె అత్తగారితోనే ఉండిపోయి, ఈ పనిలో చేరింది.

"పూలు పెట్టుకుంటే, ఇంకా ఎవురికోసరం అంటారు. పెట్టుకోకుంటే, మొగుడు బతికుండంగానే ఏం చోద్యం అంటారు. బస్సులో ఎక్కితే, ఏమన్నా తెలిసిందా సుశీలా అని అడగతారు. తెలిస్తే నేను చెప్పనా? ఈ లోపలే నాకు బాగుండాది దేవకీ. ఈడ అందురూ బాటిల్ని చూస్తారు. నన్నెవురు చూస్తారు?"

ఈ మాటలు చెబుతూ ఆమె నవ్వుతూనే ఉంది. ఆ రోజు నుంచి ఆ టోపీ, మాస్కు అంటే నాకున్న అసహ్యం పోయింది.

అలా కొన్నేళ్ళు గడిచాక ఆమె అత్తగారు మంచాన పడింది. ముసలామెకు ఒకటే దిగులు. తను పోయేలోపల కొడుక్కి నీళ్ళు వదలాలి, లేకపోతే వాడి ప్రాణం ఆకలితో తిరుగుతూ ఉంటుంది. అన్నేళ్ళు మనిషి జాడ తెలియకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యవచ్చని అయ్యగారు చెప్పారట. చేస్తే సుశీలక్క విధవరాలు అవుతుంది. ఆమె ఒప్పుకోలేదు. ముసలామె తిండి మానేసింది.

"నువ్వేమన్నావక్కా?" అని అడిగాను.

"ఏమంటాను? ఆయప్ప చచ్చిపోయినాడని ఎవురు చూసినారు, అని అడిగినా. ఆయమ్మ నా మొగం చూసి, బతికుండాడని నువ్వు చూసినావా, అనింది." సుశీలక్క చేతిలోని ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఇద్దురమూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినాము. ఏం చేసేది చెప్పు? ఆయమ్మకు కొడుకు ఆకలితో ఉండాడు. ఆయమ్మ ఆకలి నేను చూడలేను."

ఒప్పుకుంది. కర్మకు ముందురోజు షిఫ్టు అయ్యాక గదిలో అందరూ ఎవరి బొట్టు వాళ్ళు తీసి పెట్టుకుంటున్నారు. సుశీలక్క జడ వేసుకుంది, పూలు తీసి పెట్టుకుంది. అద్దం మీది మెరూన్ బిళ్ళను మాత్రం ముట్టుకోలేదు. సంచిలో నుంచి కొత్త అట్ట తీసి, వేరే బొట్టు పెట్టుకుంది.

"అక్కా, నీ బొట్టు?"

"ఉండనీ. రేపు ఆడ తీసేస్తారు గదా, దానికి ఇది చాలు," అని నుదుటి మీది కొత్త బొట్టును వేలితో చూపించింది. "అది నాది. అది వాళ్ళ చేతికి దొరకగూడదు."

ఆ తంతుకు నేను వెళ్ళలేదు. పెళ్ళికాని పిల్లలు రాకూడదన్నారు. వెళ్ళినా ఏం చెయ్యగలిగేదాన్ని?

ఆమె తిరిగి పనికి వచ్చిన రోజు, ఆమె మేకు ఖాళీగా ఉంది. గదిలో అందరూ మర్యాదగానే ఉన్నారు. కొంచెం ఎక్కువ మర్యాదగా ఉన్నారు. ఆమె అద్దం దగ్గరికి వస్తే దారి వదిలారు, ఎవరికీ అవసరం లేనంత దారి. సెల్వి అని నా వయసు పిల్ల, కొత్తగా పెళ్ళయింది, ఆమెకు ఎదురుపడకుండా గోడవైపు తిరిగి టోపీ పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. అంతలో బెల్లు మోగింది. మాస్కులు వేసుకుని లోపలికి వెళ్ళాం. మళ్ళీ అందరం ఒకటే.

ఆ సాయంత్రం నేను అన్నం డబ్బా మరిచిపోయి గదికి తిరిగి వచ్చాను. సుశీలక్క ఒక్కతే అద్దం ముందు నిలబడి ఉంది. తల వెంట్రుకవాసి ఎడమకు, వెంట్రుకవాసి కుడికి జరుపుతోంది. ఏం చేస్తోందో ముందు అర్థం కాలేదు. తర్వాత చూశాను. అద్దం మీది ఆ మెరూన్ బిళ్ళ సరిగ్గా ఆమె ప్రతిబింబం నుదుటి మీద కూర్చుంది. అలా కుదిరాక ఆమె కదలలేదు. సీసాల ముందు కూర్చున్నట్టే, తల నిలబెట్టి, తనను తను చూసుకుంటూ ఉంది. నేను డబ్బా వదిలేసి చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. ఇంటికి పోయేదాకా ఏడ్చాను. మా అమ్మ ఎవరేమన్నారని అడిగితే తలనొప్పి అని చెప్పాను.

తర్వాత ఆయుధపూజ వచ్చింది. మా ఫ్యాక్టరీకి అది పెద్ద పండగ. లైను ఆపేస్తారు, మిషన్లకు పసుపూ కుంకుమా పెడతారు, గుమ్మడికాయ కొడతారు, మరమరాలు, శనగలు, స్వీటు పంచుతారు. మిషన్లు ఆగి ఉంటాయి కాబట్టి ఆ ఒక్కరోజు ఆడవాళ్ళు పట్టుచీరలు, పూలు, బొట్టు, గాజులతో లోపలికి రావచ్చు. ఏడాది పొడుగునా దాచిందంతా ఆ రోజు తలకెత్తుకుని వచ్చేవాళ్ళం. సీసాలు కడిగే మిషను ముందు దీపం ముట్టించడం ప్రతి ఏడూ సుశీలక్క పని.

ఆ ఏడు అందరం చేరాం. ఆమె రాలేదు. ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి, ఈసారి వేరే ఎవరైనా అయితే బాగుంటుందని. మా ఇంచార్జి కుంభకోణం వైపు మనిషి, మంచాయన, ఇవేవీ పట్టనివాడు. "సుశీలమ్మా ఎంగే? వాంగ, విళక్కు ఏత్తుంగ," అని, వచ్చి దీపం ముట్టించమని కేక పెట్టాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. సుశీలక్క వచ్చింది. తెల్లకోటు, టోపీ, మాస్కు. పట్టుచీరల మధ్య నుంచి, ఎవరినీ చూడకుండా నడిచి, మా లైటు తెర దగ్గరికి వెళ్ళింది.

"నాకు డ్యూటీ సార్," అంది.

"లైన్ నిన్నుపోచ్చే, ఎన్న డ్యూటీ?" అని ఇంచార్జి తెల్లబోయాడు. ఆగిపోయిన లైను దగ్గర డ్యూటీ ఏమిటని ఆయన సందేహం.

"దేవకి ఏత్తట్టుం సార్," అని, నన్ను ముట్టించమని నా వైపు చెయ్యి చూపించి, లైటు స్విచ్చి వేసి, కుర్చీలో కూర్చుంది.

నేను ముట్టించాను. పెళ్ళికాని పిల్ల కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. హారతి అయ్యీ కాకముందే మరమరాల పొట్లం తీసుకుని ఆమె దగ్గరికి పరిగెత్తాను. సీసాలు లేవు, ఖాళీ తెర వెలుగుతోంది, ఆమె దాన్నే చూస్తోంది.

"ఎందుకక్కా ఇట్ల? నువ్వు ముట్టించింటే ఎవురు వద్దనేది?"

"ఎవురూ వద్దనరు దేవకీ. వద్దనకుండా ఊరికే నిలబడి చూస్తారు. అది నాకు వద్దు." పక్క కుర్చీ జరిపింది. "కూచో. ఆడ గ్రీజు ఉండాది, పట్టుచీర, చూసి కూచో."

ఇద్దరం ఖాళీ తెర ముందు కూర్చున్నాం. బయట గుమ్మడికాయ పగిలిన చప్పుడు, నవ్వులు. సుశీలక్క మాస్కు తీయలేదు. అది తడిసిపోవడం నాకు కనిపించింది. మరమరాల్లో నుంచి శనగలు ఏరి ఆమె చేతిలో పోస్తూ కూర్చున్నాను. అవి ఆమెకు ఇష్టం.

తర్వాత నాకు ఒక సంబంధం కుదిరి, తాంబూలాలు అయ్యాక తప్పిపోయింది. కారణం ఇప్పుడెందుకు. ఊళ్ళో అందరూ నన్ను చూసే చూపు మారింది. నేను పనికి రావడం మానేస్తే, సుశీలక్క బస్సెక్కి పొదటూరుపేట వచ్చింది. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, నన్ను తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. "వస్తారు, చూస్తారు, పోతారు. నువ్వు తల తిప్పబాకు," అని చెప్పి, మర్నాటి షిఫ్టుకు రమ్మని వెళ్ళిపోయింది. వెళ్ళాను. ఆ తర్వాత పెళ్ళి చేసుకోలేదు. అది ఆమె చెప్పిన మాట వల్ల కాదు. కాలం అలా గడిచింది, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యాయి, అంతే.

గాజుసీసాల లైను మూసేశారు. ప్లాస్టిక్ సీసాలను చూడటానికి మనుషులు అక్కర్లేదు, కెమెరా ఉంటుంది. నన్ను ప్యాకింగులోకి తీసుకున్నారు. మిగతావాళ్ళు చెల్లాచెదురయ్యారు. సుశీలక్క అత్తగారు అప్పటికే పోయింది. ఆత్తిపట్టులో కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడి దగ్గరికి వెళతానంది. చివరిరోజు అద్దం ముందు అలాగే, బొట్టు నుదుటికి కుదిరేలా నిలబడింది. ఈసారి నేను ఉండగానే. బొట్టు తీసుకుపొమ్మన్నాను.

"ఎత్తుకుపోయి యాడ పెట్టుకునేది? ఈడనే ఉండనీలే," అని సంచి భుజాన వేసుకుంది. గేటు దాటాక వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె తల తిప్పే మనిషి కాదు కదా.

కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి. తర్వాత ఆమె నంబరు పనిచేయడం మానేసింది. ఒక ఆదివారం ఆత్తిపట్టు వెళ్ళాను. ఆ పొగగొట్టాల కింద, క్వార్టర్లలో, టీకొట్టులో అడిగాను. తమ్ముడు వేరే ఊరికి మారిపోయాడని ఒకరు, అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరని ఒకరు. సాయంత్రందాకా తిరిగి, రైలెక్కి వచ్చేశాను. అన్నేళ్ళు ఆమె ఏం మోసిందో ఆ రైల్లో నాకు తెలిసింది. మనిషి ఉంటే బాధ లేదు, పోతే ఏడవచ్చు. ఏదీ తెలియకపోతే ఏం చేస్తాం? ఇప్పుడు షిఫ్టులో నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. క్యాంటీనులో ఎదురు కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు, ఫోను చూసుకుంటూ తిని లేచిపోతారు. నాకు చాలా ఒంటరిగా ఉంటుంది. దాచుకోవడం దేనికి.

ఆ మధ్య బస్సులో సెల్వి కనిపించింది. లావయింది, ఇద్దరు పిల్లలు. సుశీలమ్మ పోయిందట కదా, ఎవరో అన్నారు, అంది. నేను ఆలోచించలేదు, నా నోటి నుంచి మాట వచ్చేసింది. అది కూడా తెలుగులో.

"ఎవురు చూసినారు?"

సెల్వికి తెలుగు రాదు, కానీ నా గొంతుకు బెదిరి కిటికీవైపు తిరిగింది.

బట్టలు మార్చుకునే గదికి కొత్త టైల్సు వేసినప్పుడు ఆ పాత అద్దం తీసి పారేశారు. అంతకుముందే నేను గోటితో ఆ మెరూన్ బిళ్ళను ఊడదీసి తెచ్చుకున్నాను. జిగురు ఎండిపోయింది. తిరుత్తణిలో నా అద్దెగదిలో, గోడ అద్దానికి, అన్నం మెతుకు నలిపి అంటించాను. ఎక్కడ అంటించాలని ఆలోచించి, ఆమె నుదుటి ఎత్తులోనే అంటించాను. నేను పొట్టిదాన్ని, అది నా నుదుటికి అందదు. షిఫ్టుకు బయలుదేరే ముందు జడ వేసుకుని అద్దంలో చూస్తే, ఆ బొట్టు నా తలకు కొంచెం పైగా ఉంటుంది. పొడుగాటి మనిషి ఎవరో నా వెనక నిలబడితే ఆమె నుదురు ఎక్కడ ఉంటుందో, సరిగ్గా అక్కడ. అప్పుడు నేను వెనక్కి తిరగను. బస్సుకు వేళవుతున్నా సరే, తల కదపకుండా కాసేపు అలాగే నిలబడతాను.